దాదీల చేతుల మీది పచ్చబొట్టు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెల్లో డెబ్బై ఎనభై ఏళ్లు దాటిన సాయబుల ఇళ్లల్లోని ఆడవాళ్ల చేతులు చూడండి. కొందరికి మణికట్టు మీద మూడు చుక్కలుంటాయి. కొందరికి ముంజేతి మీద చిన్న పువ్వు, ఇంకొందరికి గదవ మీద ఒక్క చుక్క. అందరికీ ఉండదు. నవాబుల కొలువులో ఉద్యోగాలు చేసిన ఇళ్లల్లో దాదాపు కనపడదు. దూదేకులోళ్ల ఇళ్లల్లో, రోళ్లకూ తిరగళ్లకూ గంట్లు కొట్టే కాశోళ్ల ఇళ్లల్లో, కూలికి పోయే షేక్‌ల ఇళ్లల్లో కనపడుతుంది. చుక్క ఎవరికుంది, ఎవరికి లేదు అన్నదాన్ని బట్టే మాలో ఎవరు ఎక్కడి నుంచి వచ్చారో సగం తెలిసిపోతుంది.

ఈ చుక్కల మీద ఇప్పుడు రెండు తీర్పులు నడుస్తున్నాయి. ఒకటి మాలోంచే వచ్చింది. పచ్చబొట్టు హరాం, అదున్న చేతికి వజూ కాదు, వజూ లేని నమాజు కబూల్ కాదు అని. మయ్యత్‌కు గుసుల్ ఇచ్చేటప్పుడు కూడా ఈ సందేహం లేస్తుంది. ఆ చర్మానికి నీళ్లు అంటినట్టా, కానట్టా అని. రెండో తీర్పు బయటి నుంచి వచ్చింది. పచ్చబొట్టు హిందువులది, కాబట్టి మీరూ ఒకప్పటి హిందువులే, దారి తప్పినోళ్లు ఇంటికి తిరిగి రండి అని. ఒకరు ఆ చుక్కను చూసి మేము చాలినంత ముస్లింలం కామంటారు. ఇంకొకరు అదే చుక్కను చూపి మేము ముస్లింలమే కామంటారు. ఇద్దరూ ఆ చేయి ఎవరిదో అడగరు. ఆ చేయి ఏం పని చేసిందో అడగరు.

మేము అడగదలుచుకున్నాం.

ముందు మా నేల సంగతి. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న గద్వాల, అలంపురం ప్రాంతాన్ని నడిగడ్డ అంటారు. గద్వాల, వనపర్తి, కొల్లాపురం కేంద్రమైన జటప్రోలు, ఇవన్నీ నిజాం ఏలుబడి కింద ఉన్న హిందూ రాజుల సంస్థానాలు. 1890లో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ పేరున మహబూబ్‌నగర్ అయిన పాలమూరు జిల్లాలోనే ఇవి చాలాకాలం ఉన్నాయి. 2016 అక్టోబర్ 11న మూడు వేర్వేరు జిల్లాలయ్యాయి. ఇక్కడి ముస్లింలు అనగానే చాలామందికి నిజాం, నవాబు, షేర్వానీ గుర్తొస్తాయి. మా ఊళ్లల్లో నవాబులు లేరు. సంస్థానాల కొలువులో అరబ్బులు, రోహిల్లాలు సిపాయిలుగా ఉన్నారు. వనపర్తి రాజా దగ్గర ఆఫ్రికా నుంచి వచ్చిన సిద్దీల అశ్వదళం ఉండేది. దాన్ని నిజాంకు ఇచ్చేశాడు. హైదరాబాద్‌లోని ఏ.సి. గార్డ్స్ బస్తీకి ఆ పేరు ఆ ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ నుంచే వచ్చింది. వీళ్లు పోను మిగతావాళ్లం ఎవరం? దూది ఏకినోళ్లం, పరుపులు కుట్టినోళ్లం, అత్తరు అమ్మినోళ్లం, గాజులు తొడిగినోళ్లం, మాంసం కొట్టినోళ్లం, ఫకీర్లం, వలస కూలీలం. 2007లో బి.సి.-ఇ పేరుతో రిజర్వేషన్ చట్టం చేసినప్పుడు ఆ జాబితాలో అత్తరు సాయిబులు, ఫకీర్లు, హజాంలు, ఖురేషీలు, సిద్దీలు, తురక కాశలు, షేక్‌లు కనిపించారు. దూదేకులవాళ్లు అంతకు ముందే బి.సి.-బిలో ఉన్నారు. ప్రభుత్వ కాగితం కూడా మమ్మల్ని చేతి పనుల పేర్లతోనే గుర్తుపట్టింది.

అలాంటి చేతుల మీదే పచ్చబొట్టు ఉంది.

పచ్చ పొడిచింది ఎవరు? ఎక్కువగా ఎరుకల ఆడవాళ్లు. సోది చెప్పుకుంటూ, బుట్టలు అమ్ముకుంటూ ఊరూరా తిరిగేవాళ్లు. దీపపు మసిని ఆకు పసరుతో నూరి, నాలుగైదు సూదులు కలిపి కట్టి, చర్మం మీద పొడిచేవాళ్లు. నెత్తురు తుడిచి పసుపు రాసేవాళ్లు. మసి నల్లనిదే అయినా చర్మం లోపలి పొరలో నిలిచాక పైకి నీలంగానో పచ్చగానో కనపడుతుంది. అందుకే దానికి పచ్చబొట్టు అని పేరు. కూలి కింద గింజలో పాత చీరో ఇచ్చేవాళ్లు. పొడిపించుకునేది ఎప్పుడు? చాలావరకు పెళ్లికి ముందు, పిల్ల ఇంకా ఎదగకముందే. ఊళ్లో మాలమాదిగల పిల్లలు, గొల్లకుర్మల పిల్లలు, బోయల పిల్లలు వరుసలో కూర్చుంటే పక్కింటి సాయబుల పిల్ల కూడా కూర్చునేది. ఆ పిల్లకు అది మతం కాదు. అది ఈడు పిల్లల్లో ఒకతిగా ఉండడం.

ఎందుకు అని అడిగితే వచ్చే జవాబులు కొన్నే. అందానికి. కీళ్ల నొప్పికి, తలనొప్పికి. సొమ్ములు కొనే తాహతు లేనోళ్లకు దొంగలెత్తుకుపోలేని సొమ్ము అదే గనుక. చచ్చినాక వెంట వచ్చేది అదొక్కటే గనుక. ఈ చివరి మాట ఊళ్లో అన్ని కులాల ముసలమ్మలూ చెబుతారు. చనిపోయిన మనిషి వెంట ముగ్గురు పోతారని, ఇంటివాళ్లు, ఆస్తి, చేసిన పనులు అని, మొదటి రెండూ గోరీ దగ్గర్నుంచి తిరిగొచ్చి చేసిన పనులొక్కటే మిగులుతాయని మా హదీస్ చెబుతుంది. రెండు మాటలూ ఒకటి కావు. కానీ ఏమీ లేని మనిషి అడిగే ప్రశ్న ఒక్కటే. నా వెంట ఏం వస్తుంది?

ఇక దీన్ ఏం చెబుతుందో చూద్దాం. ఈ విషయంలో దాచిపెట్టేదేమీ లేదు. ఖురాన్‌లో పచ్చబొట్టు అన్న మాట లేదు. నాలుగో సూరా 119వ ఆయత్‌లో షైతాన్ మనుషుల చేత అల్లాహ్ సృష్టిని మార్పిస్తానని అన్న సంగతిని ఉలమా దీనికి వర్తింపజేశారు. హదీస్‌లో మాత్రం స్పష్టంగా ఉంది. పచ్చబొట్టు పొడిచే ఆడవాళ్ల మీద, పొడిపించుకునే ఆడవాళ్ల మీద లానత్ ఉందని బుఖారీ, ముస్లిం రెండు సంకలనాల్లోనూ ఉంది. సున్నీల నాలుగు మజ్‌హబ్‌ల ఉలమా దాన్ని బట్టే వద్దన్నారు. షియా ఉలమాలో చాలామంది దాన్ని హరాం అనరు. పాలమూరు ముస్లింలలో ఎక్కువమంది హనఫీ సున్నీలు. కాబట్టి మాకు అది వద్దన్నదే. దాన్ని హలాల్ చేయమని మేము అడగడం లేదు.

కానీ ఆ హదీస్‌లోనే ఇంకొక ఆడమనిషి ఉంది. ఆమెను మాకెవరూ చెప్పలేదు. అబ్దుల్లా ఇబ్నె మసూద్ ఈ లానత్ సంగతి చెప్పినప్పుడు బనూ అసద్ తెగకు చెందిన ఉమ్మె యాఖూబ్ అనే ఆమె నేరుగా ఆయన దగ్గరికి వచ్చింది. ఆమె ఖురాన్ చదివిన మనిషి. ఆ అట్ట నుంచి ఈ అట్ట దాకా చదివాను, నువ్వు చెప్పింది నాకు కనపడలేదే అని అడిగింది. రసూల్ ఇచ్చింది తీసుకోండి, వద్దన్నది మానుకోండి అని ఖురాన్‌లో ఉంది కదా అని ఆయన జవాబిచ్చాడు. ఆమె అక్కడితో ఊరుకోలేదు. మీ ఇంట్లో ఆమె చేస్తున్నట్టుందే అంది. పోయి చూసుకొమ్మన్నాడాయన. ఆమె ఇంట్లోకి పోయి చూసింది, అలాంటిదేమీ కనపడలేదు. ఈ కథంతా బుఖారీ, ముస్లింలలో లానత్ మాట పక్కనే ఉంది. ప్రశ్న అడిగినందుకు ఆమెను ఎవరూ కాఫిర్ అనలేదు, గద్దించి పంపలేదు. మా మస్జిదుల్లో లానత్ వినపడుతుంది, ఉమ్మె యాఖూబ్ వినపడదు.

అబూ దావూద్ సంకలనంలో ఇబ్నె అబ్బాస్ మాటగా ఇదే నిషేధం వచ్చినప్పుడు రోగం లేకుండా చేయించుకున్నవాళ్లకు అన్న మినహాయింపు కూడా కనిపిస్తుంది. కణతల నొప్పికి చుక్క పెట్టించుకున్న ముసలామెను నిలదీసేవాళ్లు ఆ మాట కూడా చదవాలి. ఆ మందు పని చేస్తుందా లేదా అన్నది వేరే సంగతి. ఆమె దాన్ని మందనుకునే పెట్టించుకుంది.

ఇంకొక పేరు చెప్పాలి. అస్మా బింతె ఉమైస్. మొదట్లోనే ఇస్లాం స్వీకరించి, మక్కా బాధలు పడలేక హబషా దేశానికి వలసపోయిన ఆడవాళ్లలో ఒకరు. మొదట జాఫర్ భార్య, ఆయన షహీద్ అయ్యాక అబూ బకర్ భార్య, ఆయన తర్వాత అలీ భార్య. ఖైస్ ఇబ్నె అబీ హాజిం అనే ఆయన తన తండ్రితో కలిసి జబ్బుగా ఉన్న అబూ బకర్‌ను చూడడానికి పోయినప్పుడు అస్మా చేతి మీద పచ్చబొట్టు చూశానని చెప్పాడు. చరిత్రకారుడు తబరీ దీన్ని ఉల్లేఖించాడు. బుఖారీకి వ్యాఖ్యానం రాసిన ఇబ్నె హజర్ ఆ ఆధారాన్ని సహీ అన్నాడు. నిషేధానికి ముందు పొడిపించుకున్నదై ఉంటుందని ఉలమా వివరించారు. అయి ఉండొచ్చు. మాకు కావలసింది దాని తర్వాతి సంగతి. క్రీ.శ. 634లో అబూ బకర్ చనిపోతే ఆయన మయ్యత్‌కు గుసుల్ ఇచ్చింది ఈ అస్మానే. మొదటి ఖలీఫాను ఆఖరిసారి కడిగినవి పచ్చబొట్టున్న చేతులు. ఆ చేతులను గీకేయమని అక్కడున్న ముహాజిర్లు ఎవరూ అనలేదు.

అలాంటప్పుడు మా పల్లెల్లో దాదీల వజూ ఎందుకు ఆగుతుంది? వజూకు నీళ్లు చర్మం పైభాగాన్ని తాకాలి. గోళ్ల రంగు, మైనం లాంటివి పొరగా అడ్డుపడతాయి కాబట్టి తీయమంటారు. పచ్చబొట్టు పొర కాదు. మసి చర్మం లోపల ఉంటుంది. లోపలి కణాలు దాన్ని మింగి పట్టుకుంటాయి. ఆ కణాలు చచ్చిపోతే కొత్త కణాలు వచ్చి మళ్లీ దాన్నే పట్టుకుంటాయని ఫ్రాన్సు పరిశోధకులు 2018లో ఎలుకల మీద చూపించారు. పైన చర్మం మామూలుగానే తడుస్తుంది. హనఫీ ఫిఖ్‌హ్ కూడా పైభాగం కడిగితే చాలునంటుంది, తీసేయడాన్ని ఫర్జ్ చేయదు. నెత్తురు కలిసి ఆ చోటు నజిస్ అవుతుందని గట్టిగా చెప్పిన షాఫీ ఇమాం నవవీ కూడా అవయవానికి హాని భయముంటే తీయనక్కర్లేదని, తౌబా చేసుకుంటే పాపం మిగలదని రాశాడు. ఎదగని పిల్ల చేసినదానికి లెక్క ఉండదన్నది అందరికీ ఒప్పుదల ఉన్న మాట. ఏడెనిమిదేళ్లప్పుడు పక్కింటి పిల్లల వరుసలో కూర్చున్న పిల్లను ఎనభై ఏళ్లప్పుడు పాపిని చేయడం ఏ ఫిఖ్‌హ్? మయ్యత్‌ను గీకడం అసలే కుదరదు. చనిపోయినవాళ్ల ఎముక విరిచినా బతికున్నవాళ్ల ఎముక విరిచినట్టేనని హదీస్.

ఇది పాలమూరు ముస్లింల వింత కూడా కాదు. మొరాకో, అల్జీరియా పల్లెల్లో అమాజిగ్ ముస్లిం ఆడవాళ్లు గదవ మీద, నుదుటి మీద పచ్చబొట్లు పొడిపించుకున్నారు. ఉర్ఫా, మార్దీన్ వైపు కుర్దు ఆడవాళ్లు మసిని తల్లిపాలతో కలిపి పొడిపించుకున్నదాన్ని దెఖ్ అంటారు. అక్కడ కూడా పొడిచింది ఎక్కువగా ఊరూరా తిరిగే సంచార జాతుల ఆడవాళ్లే. అక్కడ కూడా ఇరవయ్యో శతాబ్దంలో చదువు, పట్నం, మతబోధ కలిసి వచ్చి ఆ చుక్కలు ముసలివాళ్ల మొహాల మీదనే మిగిలాయి. ఇస్లాం రాకముందు అరబ్బు కవులు ఎడారిలో చెరిగిపోతున్న గుడారాల జాడలను చేతి మీది పచ్చబొట్టుతో పోల్చేవారు. దీన్ పుట్టిన నేల మీద కూడా ఆ చుక్క ఉంది. దీన్ దాన్ని వద్దంది. అప్పటికే చేతి మీద ఉన్న చుక్కను పట్టుకుని మనిషిని బయటికి మాత్రం తోయలేదు.

మరి ఈ సిగ్గు మాకు ఎక్కడి నుంచి వచ్చింది? ఒక్క దిక్కు నుంచి రాలేదు. తెల్లవాళ్ల కాలపు రాతల నుంచి కొంత వచ్చింది. థర్‌స్టన్ 1909లో అచ్చువేసిన పుస్తకంలో దూదేకులవాళ్ల గురించి చూస్తే, పెళ్లిలో తాళి కడతారని, కట్టుబట్టలో హిందువుల్లా ఉంటారని, ఇస్లాం గురించి ఏమీ తెలియనివాళ్లని కనిపిస్తుంది. సున్తీ తప్పకుండా చేస్తారని, వలీలను బాగా కొలుస్తారని కూడా అక్కడే ఉంది. కానీ తెలియనివాళ్లు అన్న మాటే నిలిచింది. అదే మాటను ఉర్దూ మాట్లాడే అష్రాఫ్ ఇళ్లవాళ్లు అంతకు ముందు నుంచీ అంటూనే ఉన్నారు. తెలుగు మాట్లాడే సాయబు సగం సాయబు. పచ్చబొట్టున్న అత్త ఉన్న ఇంటికి పిల్లనివ్వడానికి వెనకాడేవాళ్లు. అంటే ఇది మతం పేరుతో నడిచిన కులం.

అంతకు చాలా ముందే, 1832లో, ఏలూరు ప్రాంతపు జాఫర్ షరీఫ్ దక్కనీ ముస్లింల ఆచారాలన్నీ ఖానూనె ఇస్లాం అనే పుస్తకంగా రాశాడు. పుట్టుక నుంచి చావు దాకా పసుపు, ఫాతెహా, పీర్లు, అలాలు అన్నీ అందులో ఉన్నాయి. తెలుగు నేలవాడైన ఆ ముస్లిం వాటిని ముస్లింల జీవితంగానే రాశాడు.

1920లు, 30లలో హైదరాబాద్ రాజ్యంలో తబ్లీగ్ ఊపందుకుంది. బహదూర్ యార్ జంగ్ లాంటివాళ్ల ప్రచారంతో కొన్ని దళిత కుటుంబాలు ఇస్లాంలోకి వచ్చాయి. అలా వచ్చిన ఆడవాళ్ల చేతులకు అప్పటికే పచ్చబొట్లున్నాయి. అస్మా చేతికి ఉన్నట్టే. అటువైపు ఆర్యసమాజం శుద్ధి మొదలుపెట్టింది. పేదల శరీరాల మీద రెండు పక్షాలూ లెక్కలు వేసుకున్నాయి. 1948 సెప్టెంబర్‌లో పోలీసు చర్య వచ్చింది. ఆ తర్వాత ముస్లింల మీద జరిగిన హత్యల్ని, దోపిడీల్ని, బలవంతపు మతమార్పిడుల్ని సుందర్‌లాల్ కమిటీ నమోదు చేసింది. మరాఠ్వాడా, కన్నడ జిల్లాల్లో ఆ దారుణం ఎక్కువ. తెలుగు జిల్లాల ముస్లింలకు కూడా భయం మిగిలింది. 1992 డిసెంబర్ 6 ఆ భయాన్ని మళ్లీ లేపింది. భయపడ్డ సమాజం తన గుర్తుల్ని లెక్కపెట్టుకుంటుంది. ఏది మాది, ఏది కాదు అని గీతలు గీసుకుంటుంది. తబ్లీగీ జమాత్‌లు పల్లెలకు వచ్చి నమాజు నేర్పాయి, ఖురాన్ చదివించాయి, తాగుడు మాన్పించాయి. ఆ మేలును మేము కాదనము. కానీ గీత గీసిన చోట మొదట బయట పడ్డది పీర్ల చావడి ముజావర్, తర్వాత పచ్చబొట్టున్న దాది.

పీర్ల పండుగ సంగతి అందరికీ తెలుసు. మా ఊళ్లల్లో సవారీలు లేస్తే అలావా చుట్టూ ఆడేవాళ్లలో సాయబుల కంటే ఇతరులే ఎక్కువ. అలంపురంలో జోగులాంబ గుడి ఉన్న ఊళ్లోనే షా అలీ పహిల్వాన్ దర్గా ఉంది. అచ్చంపేట దగ్గర రంగాపూర్‌లో ఉమామహేశ్వరం కొండ కిందనే నిరంజన్ షావలీ ఉర్సు జరుగుతుంది. దీన్ని చూసి మురిసిపోయి ఊరుకునే సెక్యులర్ మిత్రులకు కూడా మాదొక మాట. కలిసి మొక్కిన చోట్లే కులం కూడా ఉంది, అంటరానితనం కూడా ఉంది. మా దాదీల చుక్కను మతసామరస్యానికి బొమ్మగా అట్టల మీద అచ్చువేసుకుంటే ఆమె చేసిన కూలి కనపడకుండా పోతుంది.

ఇక ఇంటికి రమ్మనేవాళ్లకు జవాబు. పచ్చబొట్టు హిందువుల ఆస్తి ఎట్లా అవుతుంది? పొడిచిన ఎరుకలామెను ఊరి అంచునే ఉంచారు. పొడిపించుకున్నది మాలమాదిగలు, బోయలు, లంబాడీలు, చాకళ్లు, దూదేకులోళ్లు. నల్లమల తండాల్లో లంబాడీ అవ్వల చేతులు నిండా పచ్చబొట్లే. ఒక వరుసలో కూర్చుని సూదిపోటు భరించిన ఆడవాళ్లు ఏ గుళ్లో ఒక వరుసలో కూర్చున్నారు? ఆ చుక్క మతానికి గుర్తు కాదు. అది చేతి పని చేసి బతికిన ఆడవాళ్ల గుర్తు. ఆ చేయే ఐదు పూటలా వజూ చేసుకుంది, తస్బీ తిప్పింది, రంజాన్‌లో సహరీకి రొట్టెలు చేసింది. పైనుంచి వచ్చిన ఏ కత్తీ ఆ చేతిని నమాజులోకి నెట్టలేదు. ఆమె తనంతట తాను ఆ చాప మీద నిలబడింది. మేము ఈ నేలవాళ్లమనడానికి ఆ చుక్క సాక్ష్యం, మేము ముస్లింలమనడానికి ఆ నమాజు సాక్ష్యం. ఒక సాక్ష్యాన్ని నిలబెట్టడానికి రెండోదాన్ని కొట్టేయమంటే మేము ఒప్పుకోము.

మా మనవరాళ్లు పచ్చబొట్టు పొడిపించుకోవాలని మేము అనడం లేదు. వాళ్లు చదువుకున్నారు, దీన్ వాళ్లకు తెలుసు, వాళ్ల నిర్ణయం వాళ్లది. ఎరుకల ఆడవాళ్లు కూడా ఇప్పుడు ఆ పని దాదాపు మానేశారు. పట్నంలో టాటూ దుకాణాలు వేరే కథ. పదిహేను ఇరవై ఏళ్లలో ఆ పాత చుక్కలున్న ఆఖరి చేతులు కూడా మట్టిలోకి పోతాయి. ఈలోగా చేయవలసిన పనులు కొన్నున్నాయి. గుసుల్ ఇచ్చే ఆడవాళ్లకు అస్మా కథ చెప్పాలి. జుమా ఖుత్బాలో లానత్ చెప్పిన నోటితోనే ఉమ్మె యాఖూబ్ అడిగిన ప్రశ్న కూడా చెప్పాలి. వజూ కాదేమోనని భయపడి చేతి మీద సున్నం, యాసిడ్ రాసుకునే ముసలమ్మలుంటే ఆపాలి. ఏ ఊళ్లో ఎవరు పొడిచారు, ఏ గుర్తు పొడిచారు, ఎందుకు పొడిపించుకున్నారు అన్నది వాళ్ల నోటితోనే చెప్పించుకుని రాసిపెట్టాలి.

మా చరిత్రను ఎవరూ తామ్రపత్రాల మీద రాయించలేదు. సంస్థానాల దఫ్తర్లలో మా పేర్లు పన్ను బాకీల కిందనో, కొలువు జీతాల కిందనో తప్ప లేవు. మా ఆడవాళ్ల పేర్లు అక్కడ కూడా లేవు. వాళ్ల గురించి రాసి ఉన్నది వాళ్ల చేతుల మీదనే. అది చదవడం నేర్చుకోకముందే చెరిపేయాలని తొందరపడేవాళ్లకు, అది తమ సంతకమేనని చెప్పుకునేవాళ్లకు మా జవాబు ఒక్కటే. ఆ చేయి మాది.